బిస్కెట్ ఫ్యాక్టరీ ముక్కలక్క

ఆ బిస్కెట్ ఫ్యాక్టరీలో పొయ్యి సెక్షన్ షిఫ్టు ఇన్‌చార్జి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై అంతస్తులో మేనేజరు దాకా అందరికీ ఆవిడ ముక్కలక్కే. ముక్కుసూటి మనిషి కాబట్టి ఆ పేరు వచ్చిందేమో అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. దాని సంగతి వేరు. పదహారేళ్ళ కిందట ఆవిడ ఈ ఫ్యాక్టరీలో మొదట కూర్చున్నది విరిగిన బిస్కెట్లు ఏరే గదిలో. ఎవరైనా మర్యాదకు "మేడమ్" అంటే ఇప్పటికీ ఆవిడ వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవర్ని పిలుస్తున్నారా అని.

ఆవిడ ఉద్యోగంలో చేరడానికి పెద్ద కారణమంటూ లేదు. భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు. కూతుర్ని ఒకటో తరగతిలో వేశాక ఆ రెండు గదుల ఇంట్లో పగలంతా అత్తా కోడలూ మిగిలారు. అత్తగారు నోరు తెరిస్తే వీధి చివర పంపు దగ్గరికి వినిపిస్తుంది. కోడలేమో పది మాటలకు ఒక మాట చెప్పే రకం. రెండు నెలలు చూసి అత్తగారే ఒకరోజు తేల్చేసింది.

"ఇట్లా పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చుంటే ఏదో ఒకనాడు జుట్లు పట్టుకుంటాం. ఎవరో ఒకరం బయటికి పోవడం మేలు. నాకు మోకాళ్ళ నొప్పులు. నువ్వే పో."

"ఎక్కడికి పోను అత్తయ్యా?"

"బిస్కెట్ల ఫ్యాక్టరీలో మనుషులు కావాలని గేటుకు బోర్డు కట్టారంట. చదువుకున్నదానివి, వెళ్ళి చదివి రా ఆ బోర్డేదో."

"నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మహాతల్లి మా అత్తయ్య" అని ముక్కలక్క ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఫ్యాక్టరీ అంటే ఒక పొడుగాటి షెడ్డు. అందులో సగం పొయ్యే. ఇంట్లో పొయ్యిలాంటిది కాదు. యాభై గజాల పొడవున్న ఇనప సొరంగం. ఒక మూతిలోంచి పచ్చి బిస్కెట్లు ఉక్కు పట్టా మీద లోపలికి పోతాయి. నాలుగు అరల్లో నాలుగు రకాల వేడి దాటుకుని రెండో మూతిలోంచి కాలి బయటికొస్తాయి. అక్కడి నుంచి చల్లారే పట్టా మీద మెలికలు తిరుగుతూ ప్యాకింగు బల్లల దగ్గరికి చేరతాయి. పొయ్యి దగ్గర అందరూ మగవాళ్ళు, ప్యాకింగు దగ్గర అందరూ ఆడవాళ్ళు, ఆ ఆడవాళ్ళ మీద సూపర్‌వైజరు మళ్ళీ మగమనిషి. అట్లా ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు. షెడ్డు కట్టిననాటి నుంచీ అట్లాగే ఉంది కాబట్టి అట్లాగే ఉంది.

ప్యాకింగు పక్కన, కిటికీ లేని చిన్న గది ముక్కల గది. విరిగినవన్నీ అక్కడికొస్తాయి. వాటిని గోనెసంచుల్లో నింపితే పశువుల దాణా కోసం లారీ వచ్చి తీసుకుపోతుంది. చేతులు తప్ప బుర్ర అక్కర్లేని పని అనేవాళ్ళు. అందుకే కొత్తవాళ్ళను అక్కడ పడేసేవాళ్ళు. ఆర్నెల్లు ఓర్చుకుంటే ప్యాకింగు బల్ల దగ్గరికి మారుస్తారు. ముక్కలక్క మాత్రం మారమన్నా మారలేదు. ఎందుకంటే ఆ గదిలో ఆవిడకు ఒక ఆట దొరికింది.

ముక్కలన్నీ ఒకటి కాదని ఆవిడ మొదటి నెలలోనే గమనించింది. కొన్నింటికి మూలలు మాత్రమే ఊడతాయి. అవి ఒక పట్టా మీద నుంచి ఇంకో పట్టా మీదికి దూకేచోట దెబ్బ తిన్నవి. కొన్నింటికి ఎడమ అంచు నల్లగా ఉంటుంది. కొన్ని వేళ్ళ ఒత్తిడికి నలిగినవి. ఇంకొన్ని పైకి శుభ్రంగానే ఉంటాయి, చేతిలోకి తీసుకోగానే నడిమికి రెండవుతాయి. ఆవిడ నాలుగు అట్టపెట్టెలు తెచ్చుకుని ఏ రకం ముక్కలు ఆ పెట్టెలో వేసి, గోనెసంచిలో పోసే ముందు ఒక్కసారి చూసుకునేది. ఏ పెట్టె ఏ పూట నిండుతోందో గోడ మీద సుద్దతో గీతలు పెట్టేది. ఎవరికి చెప్పాలని కాదు. ఊరికే కూర్చుంటే తోచదు కనక.

మూడో ఏడు ఒక గొడవ వచ్చింది. దుకాణాల నుంచి పెట్టెలకు పెట్టెలు తిరిగొచ్చాయి, లోపల బిస్కెట్లు నడిమికి చీలి ఉన్నాయని. మేనేజరు కిందికి దిగి వచ్చి అందరి ముందూ పొయ్యి మేస్త్రిని పట్టుకుని దులిపేశాడు. మేస్త్రి అప్పటికే ముప్ఫై ఏళ్ళుగా ఆ పొయ్యిని కంటిపాపలా చూసుకుంటున్న మనిషి. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చుని పొయ్యి వంక చూస్తూ ఉండిపోయాడు, కన్నకొడుకు దొంగతనం చేశాడని ఎవరో చెప్పినట్టు.

ముక్కలక్క ముక్కల గది గుమ్మంలోంచి అది చూసింది. గోడ మీద గీతలు చూసుకుంది. నడిమికి చీలినవన్నీ మధ్యాహ్నం టీ వేళ నుంచి నాలుగింటి దాకానే వస్తున్నాయి. పొద్దున ఒక్కటీ లేదు. పొయ్యిది తప్పయితే పొద్దునా రావాలి కదా? టీ గంట కొట్టగానే ఆవిడ వెళ్ళి చల్లారే పట్టా పక్కన నిలబడింది. ఆ నెల నుంచీ సరిగ్గా ఆ వేళకే పిండి లారీ వస్తోంది. పక్క షట్టరు పైకెత్తుతారు. చల్లగాలి రివ్వుమని వచ్చి వేడివేడి బిస్కెట్ల మీద కొడుతుంది.

ఆవిడ నెమ్మదిగా మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. అంతకు ముందు ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

"మేస్త్రి గారూ, ఒక మాట."

"ఏంటమ్మాయ్? సంచులు లేవా? స్టోరులో అడుగు."

"సంచుల కోసం కాదండి. మీ పొయ్యిది తప్పు కాదు. షట్టరుది."

ఆయన ఆవిడ వంక, షట్టరు వంక, పట్టా వంక చూశాడు. మర్నాడు లారీని అవతలి గుమ్మం దగ్గర ఆపించాడు. మూడు రోజులకు చీలికలు పట్టుమని పది కూడా రాలేదు.

ముక్కలక్క జీవితం మలుపు తిరిగింది షట్టరు దగ్గర కాదు, ఆ తరువాత. మేస్త్రి తలుచుకుంటే ఆ ఘనత తన ఖాతాలో వేసుకోవచ్చు, అడిగేవాళ్ళెవరూ లేరు. ఆయన మాత్రం మేనేజరు గది గుమ్మంలో నిలబడి, లోపల ఉన్న నలుగురికీ వినపడేట్టు చెప్పాడు. "కనిపెట్టింది నేను కాదు సార్. ముక్కల గదిలో ఉన్న ఆ అమ్మాయి." తరువాత పదమూడేళ్ళలో ఎన్నో మీటింగుల్లో, ఎంతోమంది ఇంకొకరి మాటను తమ మాటగా చెప్పుకోవడం ముక్కలక్క చూసింది. చూసిన ప్రతిసారీ ఆ గుమ్మం గుర్తొస్తుందంటుంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకుని మేస్త్రి ముక్కల గదికి వచ్చేవాడు.

"అమ్మాయ్, ఇవాళ నా పొయ్యి ఆరోగ్యం ఎట్లా ఉంది?"

"ఎడమ పక్క కొంచెం జ్వరం ఉందండి. మూడో అరలో."

వెళ్ళి చూస్తే ఎడమ బర్నరు మసి పట్టి ఉండేది. కొన్నాళ్ళకు, "ఇక్కడ కూర్చుని చెప్పడం దేనికి, వచ్చి చూడు" అని తీసుకెళ్ళాడు. ఏ అరకు ఎంత వేడి, పట్టా ఎంత జోరు, పిండి తడి ఎక్కువైతే ఏం చెయ్యాలి, వానాకాలం ఏం మార్చాలి, అన్నీ చెప్పాడు. వాసన బట్టి నిమిషం ముందే మాడు పసిగట్టడం నేర్పాడు. పొయ్యి పుస్తకం అని ఒకటుండేది. ప్రతి గంటకూ వేడి, పట్టా జోరు, చేసిన మార్పులు అందులో రాయాలి. మేస్త్రి రాత కోడి గెలికినట్టుండేది. "నా రాత పొద్దున రాస్తే మధ్యాహ్నానికి నాకే అర్థం కాదు. నువ్వు రాయి, నేను సంతకం పెడతా" అన్నాడు. ముక్కల పని గబగబా ముగించుకుని ఆవిడ రోజూ నాలుగైదు గంటలు పొయ్యి దగ్గరే ఉండేది. రానురాను రాయడమే కాదు, వేడి పెంచే తగ్గించే చక్రాలు తిప్పడమూ ఆవిడే చేసేది. మేస్త్రి పక్కన నిలబడి చూసేవాడు. ఇట్లా అయిదేళ్ళు గడిచాయి.

మేస్త్రి రిటైరయ్యే ఏడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పొయ్యి సెక్షన్‌కు షిఫ్టు ఇన్‌చార్జి కావాలి, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళే అర్జీ పెట్టుకోవాలి. అది చదివి ముక్కలక్క తన మానాన తను ముక్కల గదికి వచ్చేసింది. వెనకాలే టేపక్క వచ్చింది.

టేపక్క అట్టపెట్టెలకు టేపు వేసే మిషను దగ్గర పనిచేస్తుంది. అప్పటికి యాభైకి ఒకటి తక్కువ. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరికీ తలలో నాలుక. ముక్కలక్కను "ఒసేయ్" అని తప్ప పిలవదు.

"ఒసేయ్, చూశావా కాగితం?"

"చూశానక్కా."

"మరి అర్జీ రాయవేం?"

"నేనా? నా మొహం! ముక్కలేరేదాన్ని ఇన్‌చార్జిని చేస్తారా?"

"చెయ్యరు" అంది టేపక్క. "చెయ్యరని తెలిసే నేను మూడుసార్లు పెట్టాను ప్యాకింగు సూపర్‌వైజరు పనికి. అడగడం మన వంతు, కాదనడం వాళ్ళ వంతు. మన వంతు మనం ఎగ్గొట్టకూడదు."

ఇంటికొచ్చి చెబితే భర్త "నీకు చేతనవుతుందనిపిస్తే పెట్టు" అన్నాడు. అత్తగారు కూర తరుగుతూ తల ఎత్తకుండా, "దాన్నడుగుతావేంట్రా చేతనవుతుందా అని? యాభై గజాల పొయ్యి అంటున్నారు. ఇంట్లో రెండు చిన్న పొయ్యిల మీద ఏదీ మాడ్చకుండా ఇన్నేళ్ళు నీకు వండి పెట్టలా? పెట్టమను" అంది.

పెట్టింది. వారం తిరక్కుండా చీటీ వచ్చింది. "అర్హత లేదు. పొయ్యి సెక్షన్‌లో మూడేళ్ళ అనుభవం లేదు."

ముక్కలక్క ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకునేదే. టేపక్క లాక్కుని చదివింది. మర్నాడు తన టిఫిన్ సంచిలోంచి పాత చీటీలు మూడు తీసి పక్కన పరిచింది. ఇరవై ఏళ్ళలో మేనేజర్లు మారారు, కాగితం రంగు మారింది, వాక్యం మాత్రం మారలేదు. ప్యాకింగు సూపర్‌వైజరు కావాలన్నా పొయ్యి అనుభవం ఉండాలిట. ఆడవాళ్ళను పొయ్యి సెక్షన్‌లో వెయ్యరు. వెయ్యరు కాబట్టి అనుభవం రాదు. అనుభవం లేదు కాబట్టి పైకి రానివ్వరు.

"పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు" అంది టేపక్క. "నాకు కోపం వచ్చి ఇరవై ఏళ్ళయింది, ఎవరి మీద చూపించాలో తెలీక దాచిపెట్టుకున్నా. పద."

ఇద్దరూ మేనేజరు గదికి వెళ్ళారు. మేనేజరు చెడ్డవాడేం కాదు. కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు. "ఆడవాళ్ళను పొయ్యి దగ్గర వెయ్యకూడదని ఎక్కడా లేదమ్మా" అన్నాడు. "వెయ్యాలని కూడా లేదు. అనుభవం అడగడం మాత్రం రూలు. రూలు నేను పెట్టింది కాదు."

"మరి ఎవరు పెట్టారు సార్?" అని అడిగింది టేపక్క.

మేనేజరు రూళ్ళ ఫైలు తీసి తిరగేశాడు. నిజంగానే ఆయనకు తెలియదు.

అప్పుడు తలుపు తోసుకుని మేస్త్రి వచ్చాడు. ఎవరు చెప్పారో ఏమో. చంకలో పొయ్యి పుస్తకాలు అయిదు, ఏడాదికొకటి. బల్ల మీద దబ్బున పడేశాడు.

"ఇది ఎవరి రాతో చూడండి సార్."

మేనేజరు పుస్తకం తెరిచాడు. గుండ్రటి రాత, పేజీ తరువాత పేజీ. రెండోది తెరిచాడు. అదే రాత.

"ఈవిడ రాసిందా?"

"రాసిందీ ఈవిడే, తిప్పిందీ ఈవిడే. నేను పక్కన నిలబడి టీ తాగాను."

"ఇదంతా అఫీషియల్ కాదు కదా మేస్త్రీ?"

"అఫీషియలో కాదో పొయ్యికి తెలీదు సార్, ఈవిడ తిప్పినా కాలింది. కింద నా సంతకం ఉంది చూశారా? దాని పక్కన చూడండి. రోజూ సాయంత్రం మీరు పెట్టిన సంతకమే అది."

మేనేజరు తన సంతకం మీద వేలు పెట్టి పేజీలు తిప్పుకుంటూ పోయాడు. చివరికి పుస్తకాలు తన వైపుకు జరుపుకుని, "హెడ్డాఫీసుకు రాస్తాను. ఏమంటారో నేను చెప్పలేను" అన్నాడు.

ఆయన ఏం రాశాడో ముక్కలక్క చాలా ఏళ్ళ తరువాత ఫైల్లో చూసింది. మిగతాదంతా మామూలు ఉత్తరమే. మధ్యలో ఒక వాక్యం: "ఈ నిబంధన ఉన్నంతకాలం మన ఫ్యాక్టరీలో స్త్రీలెవరూ ఏ పదవికీ అర్హులు కాలేరన్న సంగతి ఇన్నాళ్ళూ నేను గమనించలేదు." పై అధికారులకు రాసే కాగితంలో "నేను గమనించలేదు" అని రాయడానికి ఎంత మనసు కావాలో అప్పటికి ఆవిడకూ తెలిసొచ్చింది. ఆ మనిషి అప్పటికే బదిలీ అయిపోయాడు. చిరునామా కనుక్కుని ఒక కార్డు రాసింది.

ఇంటర్వ్యూకు హెడ్డాఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. పొయ్యి గురించి ముప్పావుగంట అడిగారు. ఆవిడ తడుముకోకుండా చెప్పింది. ఆఖర్న ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "షిఫ్టు డ్యూటీ అంటే కష్టం కదమ్మా, ఇంట్లో పనీ పిల్లా అవీ ఎట్లా?" అన్నాడు.

"మా అత్తయ్య ఉన్నారు సార్" అంది ఆవిడ. ఆ తరువాత మాట మర్యాద కోసం, "మరి మీకు ఇంట్లో ఎవరున్నారు సార్?" అని అడిగింది.

ఎకసెక్కం అని ఆవిడ మనసులో ఏ కోశానా లేదు. ఎవరైనా ఇంటి సంగతి అడిగితే తిరిగి వాళ్ళ ఇంటి సంగతి అడగడం అలవాటు. మిగతా ఇద్దరూ మాత్రం పకపకా నవ్వారు. అడిగినాయన కూడా కాసేపటికి నవ్వేశాడు, చెవులు ఎర్రబడ్డాయి. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది.

పదవి వచ్చినంత మాత్రాన పని రాదు. పొయ్యి దగ్గర ఏడుగురు మగవాళ్ళు. అందరిలోకీ పెద్దవాడు, అర్జీ పెట్టినా ఆ పదవి రానివాడు, పొడుగన్న. ఆయన ఎదురు తిరిగి ఒక్క మాటా అనలేదు. ఆవిడ చెప్పింది చేసేవాడు, కానీ ఆవిడ మొహం వంక చూడకుండా పొయ్యితో చెప్పేవాడు. "వేడి పది తగ్గించమంటున్నారు" అని పొయ్యికే విన్నవించుకుంటున్నట్టు. మిగతావాళ్ళు మూతి బిగించి నవ్వుకునేవాళ్ళు. ఆవిడ ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పి ఏడ్చింది ఒకరోజు. అత్తగారు ఓదార్చలేదు. "ఈతకు మించిన లోతు లేదు. మొహం కడుక్కుని రా" అంది.

ఇరవయ్యో రోజున నిజంగానే లోతు వచ్చింది. మందం బిస్కెట్ ఆపి పల్చటిది మొదలుపెట్టాలి. పట్టా జోరు పెంచమని చెప్పింది. ఆఖరి అర వేడి తగ్గించమని చెప్పడం మర్చిపోయింది. ఎవరో ఏదో అడగడానికి వస్తే మాటల్లో పడింది. వాసన పసిగట్టి పరిగెత్తేసరికి పట్టా మీద బొగ్గు ముక్కలు వస్తున్నాయి. నలభై నిమిషాల సరుకు గోనెసంచుల్లోకి పోయింది.

అట్లాంటప్పుడు పొయ్యి పుస్తకంలో రాసే మాట ఒకటుంది: "కరెంటు హెచ్చుతగ్గులు." ఎప్పటి నుంచో అందరూ రాసేదే. కరెంటు నోరు లేనిది, ఎదురు చెప్పదు. పెన్ను పట్టుకుని ఆవిడ చాలాసేపు కూర్చుంది. తను తప్పు చేస్తే అది తనొక్కదాని తప్పు కాదు, "అందుకే ఆడవాళ్ళకు ఇవ్వొద్దన్నాం" అనే మాటకు సాక్ష్యం అవుతుంది. తన వెనక టేపక్క ఉంది, ప్యాకింగులో అరవై మంది ఉన్నారు. అయినా రాసింది. "ఆఖరి అర వేడి తగ్గించమని చెప్పలేదు. తప్పు నాది." కింద సంతకం పెట్టింది.

పొడుగన్న వచ్చి భుజం మీదుగా చదివాడు.

"ఇట్లా రాస్తే మీకే ఇబ్బంది" అన్నాడు. ఆయన ఆవిడతో సూటిగా అన్న మొదటి మాట అది.

"తెలుసన్నా."

"వేడి తగ్గించాలని నాకూ తెలుసు. మీరు చెప్పలేదు కదా అని ఊరుకున్నా." పెన్ను అడిగి తీసుకుని, ఆ వాక్యం కిందే రాశాడు. "నేను గుర్తు చెయ్యలేదు. నాది కూడా."

హెడ్డాఫీసు నుంచి మందలింపు ఉత్తరం ఇద్దరికీ కలిపే వచ్చింది. ఆ రోజు నుంచి పొడుగన్న పొయ్యితో మాట్లాడటం మానేశాడు. "అక్కా, ఒకసారి ఇటు చూడు" అనడం మొదలుపెట్టాడు. ఎవరేం నేర్పినా నేర్పకపోయినా, ఒక తప్పులో సగం పంచుకున్నవాడిని మించిన తోడు ఉండదంటుంది ముక్కలక్క.

ఏడాది నిలదొక్కుకున్నాక ఆవిడ మేనేజరు దగ్గరికి ఒక కాగితం పట్టుకెళ్ళింది. ప్యాకింగు నుంచి నలుగురు చొప్పున ఆర్నెల్లు పొయ్యి సెక్షన్‌కు రావాలి. పొయ్యి నుంచి ఒక్కొక్కరు నెల చొప్పున ప్యాకింగుకు వెళ్ళాలి. అందరికీ అన్నీ రావాలి. అనుభవం లేదనే చీటీ ఇంకెవరికీ రాకూడదు. మొదటి సగానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండో సగానికి పొయ్యి సెక్షనంతా గగ్గోలు పెట్టింది.

"ప్యాకింగుకా? అదేం పని అక్కా, కూర్చుని చేసే పని" అన్నాడు ఒకడు.

"కూర్చునా? వెళ్ళి చూడు" అంది.

వెళ్ళాడు. ప్యాకింగు బల్లల దగ్గర కుర్చీలు లేవు. ఎనిమిది గంటలూ నిలబడాలి. నాలుగో రోజుకు నడుం పట్టేసి, గోడ పట్టుకుని మేనేజరు గది మెట్లెక్కాడు. తరువాతి వారానికి ఎత్తు కుర్చీలు లారీలో దిగాయి. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళు అడుగుతున్న కుర్చీలు అవి. టేపక్క ఒక కుర్చీ మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, "ఒక్క మగాడి నడుముకి ఇంత విలువుందని ముందే తెలిస్తే ఎప్పుడో ఒకణ్ణి తెచ్చి ఇక్కడ నిలబెట్టేదాన్ని కదే" అంది. షెడ్డంతా నవ్వింది. నడుం పట్టినవాడు కూడా నవ్వాడు, నెమ్మదిగా, నొప్పి పుట్టకుండా.

ఆ పద్ధతి పెట్టాక ప్యాకింగు నుంచి వచ్చినవాళ్ళలో ఇద్దరు పొయ్యి మీద మంచి చెయ్యి తిరిగినవాళ్ళయ్యారు. ఒకమ్మాయి ఇప్పుడు రెండో షిఫ్టు చూస్తోంది. టేపక్క కూడా పట్టుబట్టి ఆర్నెల్లు చేసింది, యాభై దాటిన వయసులో, చెమటలు కక్కుతూ. "పని కోసం కాదే, ఆ చీటీలో వాక్యం అబద్ధం చెయ్యడానికి" అంది.

ఈ ఏడు ప్యాకింగు సూపర్‌వైజరు రిటైరయ్యాడు. టేపక్కకు ఇంకా పదకొండు నెలల సర్వీసే మిగిలి ఉంది. అర్జీ పెట్టమని ముక్కలక్క అంటే ఈసారి ఆవిడే వెనక్కి తగ్గింది.

"పోయేముందు దేనికే? వయసులో ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వనీ."

"అడగడం మన వంతు అన్నదెవరక్కా?"

"నోటికొచ్చింది అంటాం. అన్నీ గుర్తు పెట్టుకుంటావేం?" అని కసిరింది గానీ, రాసింది.

వచ్చింది. మొదటి రోజు పొద్దున డ్యూటీ కాగితం చేత్తో పట్టుకుని బల్లల ముందు నిలబడింది టేపక్క. అరవై మంది ఎదురుగా ఉన్నారు. ముప్ఫై ఏడేళ్ళుగా వాళ్ళ మధ్యన నిలబడ్డ మనిషి, వాళ్ళ ఎదురుగా నిలబడేసరికి చదవాల్సిన కాగితాన్ని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. పొయ్యి చివరి నుంచి ముక్కలక్క చూస్తోంది. వెళ్ళి సాయం చెయ్యాలా వద్దా అని అడుగు ముందుకేసి, మళ్ళీ ఆగిపోయింది. అంతలో టేపక్క కళ్ళు తుడుచుకుని, "ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు? నడవండి బల్లల దగ్గరికి" అని ఒక్క కేక వేసింది. అరవై మందీ చప్పట్లు కొట్టారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ టిఫిన్ డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు.

"నాకిది చాలే" అంది టేపక్క. "పదకొండు నెలలైతేనేం. నాకంటే ముందు అడిగినావిడకి అదీ లేదు."

"నీకంటే ముందు ఎవరడిగారక్కా?"

"పిండి స్టోర్లో ఒకావిడ ఉండేది. పిండక్క అనేవాళ్ళం. నేను చేరిన ఏడు స్టోరు కీపరు పని తనకిమ్మని అడిగింది. మేనేజరు అందరి ముందూ నవ్వాడు. ఆవిడ పక్కన నేనున్నా. ఏడవలా, ఏం లేదు. 'మళ్ళీ ఏడు అడుగుతా సార్' అని వచ్చేసింది. అట్లా అడగొచ్చని నాకు తెలిసిందే ఆ రోజు."

ముక్కలక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మేస్త్రికి, అత్తయ్యకు, మేనేజరుకు, పొడుగన్నకు, టేపక్కకు తను రుణపడ్డానని ఆవిడకు తెలుసు. మొహమైనా ఎరగని మనిషికి కూడా రుణపడి ఉన్నానని ఆ పూటే తెలిసింది.

"ఉందా ఆవిడ?"

"ఉండే ఉంటుంది. బస్టాండు వెనక సందులో తమ్ముడి దగ్గర ఉంటోందని ఎవరో అన్నారు."

ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. నాలుగిళ్ళు అడిగితే అయిదో ఇల్లు. పిండక్కకు డెబ్భై అయిదు దాటాయి. కళ్ళు కొంచెం మసక, చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చామనగానే, "ఎవరికైనా ఇచ్చారా చివరికి?" అని అడిగింది.

"ఇచ్చారక్కా. ఈవిడ పొయ్యి ఇన్‌చార్జి. నేను ప్యాకింగు సూపర్‌వైజర్ని."

పిండక్క ఇద్దరి చేతులూ పట్టుకుని చూసింది. ముక్కలక్క ముంజేతి మీద పొయ్యి కాలిన పాత మచ్చలు వేలితో తడిమింది.

"నువ్వేనన్నమాట" అంది. "నేను ఏడుసార్లు అడిగానమ్మా. మంచిది. లోపలికి రండి, ఆ మొండి పొయ్యి సంగతులన్నీ చెప్పాలి నాకు."